కుందేలుకు 21 రోజుల లెక్క లేదు

ఆవు ఎదకొస్తే అరుస్తుంది. బర్రె తీగలు వేస్తుంది, పాలు ఎగబెడుతుంది. గొర్రెల సంగతి పొట్టేలే చూసుకుంటుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో పశువుల మధ్య పెరిగినవాళ్లకు ఇవేవీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. వాటితోపాటే ఒక లెక్క కూడా ఒంటబడుతుంది. ఆవుకూ బర్రెకూ 21 రోజులు, గొర్రెకు 17 రోజులు. ఈ దఫా తప్పితే మళ్లీ అన్నాళ్లు ఆగాలి. దాటించాక 21వ రోజున తిరిగి పొర్లిందంటే చూడి నిలవలేదు, పొర్లకపోతే నిలిచినట్టే. ఒంగోలు ఆవు దగ్గర, నెల్లూరు గొర్రె దగ్గర తరతరాలుగా పనికొచ్చిన లెక్క ఇది.

ఆ లెక్కతోనే కొందరు కుందేళ్ల పెంపకంలోకి దిగుతారు. పెరట్లో వేపచెట్టు కింద పది కమ్మీల బోన్లు. ఆడదాన్ని మగదాని బోనులో వేసి క్యాలెండర్ మీద గుర్తు పెడతారు. 21వ రోజున మళ్లీ మగదాని దగ్గరికి తీసుకుపోయి చూస్తారు. రానిస్తే చూడి నిలవలేదని, తరిమికొడితే నిలిచిందని అనుకుంటారు. ఈ రెండు అంచనాలూ తప్పొచ్చు. చూడితో ఉన్న కుందేలు మగదాన్ని రానిచ్చే సందర్భాలున్నాయి, వట్టిగా ఉన్నది తరిమికొట్టే సందర్భాలూ ఉన్నాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు బర్రె లెక్కను పట్టుకుని కూర్చుంటే ఏడాది చివర బోన్లలో పిల్లలు కనిపించవు, మేత ఖర్చు మాత్రం కనిపిస్తుంది.

కుందేలు అండాశయం నడిచే తీరే వేరు. అక్కడ తేదీ ప్రకారం అండం విడుదల కావడమనేది లేదు. జత కలిస్తేనే అండం బయటికొస్తుంది, కలవకపోతే రాదు. దీన్ని ప్రేరిత అండోత్సర్గం అంటారు. పిల్లి, ఒంటె కూడా ఈ బాపతే. చందమామలో కుందేలు ఉందని చెప్పుకుంటాం గానీ, నెలల లెక్క మాత్రం దాని అండాశయానికి పట్టదు. షెడ్డులో ఎదురయ్యే చిక్కుల్లో చాలా భాగం ఈ ఒక్క తేడా దగ్గరికే వచ్చి ఆగుతాయి.

నారుమడిలాంటి అండాశయం

కుందేలు అండాశయం పొడవులో ఒక చింతగింజ అంత ఉంటుంది, కాస్త అటూ ఇటూ. పొట్టలో నడుము వైపున, కొవ్వు మధ్య, కుడికొకటి ఎడమకొకటి ఉంటాయి. దగ్గర్నుంచి చూస్తే పైభాగం నున్నగా ఉండదు. ఆవగింజలు అతికించినట్టు సన్నటి నీటిబుడగలు తేలి కనిపిస్తాయి. ఒక్కో బుడగ ఒక అండపుటిక. లోపల ద్రవం, ఆ ద్రవంలో ఒక అండం, చుట్టూ గోడకట్టినట్టు హార్మోన్ తయారుచేసే కణాలు.

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంటుంది. దాని బలంతో పుటికలు ఒక జట్టుగా పెరుగుతాయి. ముదిరాక వారం పది రోజుల పాటు సిద్ధంగా ఉంటాయి. ఆలోగా మగదాని జత దొరికితే పగులుతాయి, దొరక్కపోతే వాడిపోయి కుంచించుకుపోతాయి. ఆ జట్టు వాడుతుండగానే ఇంకో జట్టు అందుకుంటుంది.

పెన్నా ఆయకట్టు రైతుకు ఇది సులువుగా అర్థమవుతుంది. నారు పోసుకుని కాలవ నీళ్ల కోసం చూస్తారు. నీళ్లొస్తే నాట్లు పడతాయి. సోమశిల నుంచి నీళ్లు ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది, మళ్లీ పోసుకోవాల్సిందే. కుందేలు అండాశయంలో ఎప్పుడూ ఏదో ఒక నారుమడి ఉంటుంది. నీళ్లు వదిలేది మాత్రం జత కలయిక. కాకపోతే ఒక మడికీ ఇంకో మడికీ మధ్య ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, చేతికొచ్చిన నారు లేని ఖాళీ వస్తుంది. ఆ రోజుల్లో ఆడ కుందేలు మగదాన్ని దగ్గరికి రానివ్వదు. 'కుందేలు ఎప్పుడూ ఎదలోనే ఉంటుంది' అనే మాట సగమే నిజం.

ముదిరిన పుటికలు ఈస్ట్రడియాల్ అనే ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను విడుదల చేస్తాయి. అది రెండు చోట్ల తెలుస్తుంది. మొదటిది నడవడిక. మగదాని వాసన తగలగానే నడుము కిందికి వంచి తోక పైకెత్తుతుంది. రెండోది రంగు. ఆడ కుందేలును ఒడిలో వెల్లకిలా పట్టుకుని, తోకను వేలి సందులో వెనక్కి వంచి, యోని పెదవులను మెల్లగా విడదీసి పగటి వెలుతురులో చూడాలి. ట్యూబ్‌లైటు కింద రంగు మోసం చేస్తుంది. తెల్లగా, పొడిగా ఉంటే పుటికలు ఇంకా ముదరలేదు. లేత గులాబి అయితే దారిలో ఉంది. తడిగా, ఉబ్బి, ఎర్రగా ఉంటే ఇదే సమయం. వంగపండు రంగుకు తిరిగిందంటే ఆ జట్టు వాడిపోవడానికి దగ్గర పడింది. అలవాటైన చేతికి ఇది పది సెకన్ల పని. మార్కెట్లో దీనికన్నా నమ్మకమైన పరికరం చిన్న రైతుకు దొరకదు, దీనికి రూపాయి ఖర్చు కూడా లేదు.

మీట ఎవరి చేతిలో ఉంది

ఆవులో పుటిక ముదిరి ఈస్ట్రోజెన్ ఒక స్థాయి దాటితే చాలు, ఆ ఈస్ట్రోజెనే మెదడును కదిలిస్తుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను వదులుతుంది, దానికి పీయూష గ్రంథి ఎల్‌హెచ్ అనే ఇంకో హార్మోన్‌ను ఒక్కసారిగా కుమ్మరిస్తుంది, అండం విడుదలవుతుంది. ఆబోతు ఊళ్లో ఉన్నా లేకపోయినా ఇది ఆగదు. అంటే మీట అండాశయం చేతిలోనే ఉన్నట్టు.

కుందేలులో ఈస్ట్రోజెన్ అంతా సిద్ధం చేసి పెడుతుంది గానీ మీట నొక్కదు. మగది ఎక్కినప్పుడు కలిగే స్పర్శ నరాల గుండా మెదడుకు చేరుతుంది. అక్కడ నోరడ్రినలిన్ అనే నరాల రసాయనం ఎగదన్నుతుంది, హైపోథాలమస్ నిమిషాల్లో జీఎన్‌ఆర్‌హెచ్‌ను వదులుతుంది. ఎల్‌హెచ్ గంట రెండు గంటల్లో శిఖరానికి చేరి, తర్వాత కొన్ని గంటల్లో దిగిపోతుంది. జత కలిసిన 10 నుంచి 12 గంటల తర్వాత పుటికలు పగిలి అండాలు బయటికొస్తాయి. ఉదయం 6 గంటలకు దాటిస్తే సాయంత్రం బర్రెల పాలు పితికే వేళకు అక్కడ పని పూర్తవుతుంది. ఇంత కచ్చితమైన గడియారం ఉండటం వల్లే పరిశోధకులకు కుందేలంటే అంత ఇష్టం. అండం ఏ గంటకు వస్తుందో ముందే చెప్పగలిగే జంతువు ప్రయోగశాలలో మరీ ఎక్కువ లేదు.

మెదడు నుంచి పీయూష గ్రంథికి కబురు ఎలా చేరుతుందన్న ప్రశ్న తేలింది కూడా కుందేళ్ల దగ్గరే. బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్రీ హారిస్ 1937లో ఆడ కుందేళ్ల హైపోథాలమస్‌కు సన్నటి విద్యుత్తు తగిలించి, మగదాని ప్రమేయం లేకుండానే అండాలు విడుదలయ్యేట్టు చేశాడు. తర్వాతి ప్రయోగాల్లో నేరుగా పీయూష గ్రంథికే విద్యుత్తు తగిలిస్తే ఏమీ జరగలేదు. దాంతో రెండింటి మధ్య నడిచేది నరం కబురు కాదనీ, సన్నటి రక్తనాళాల్లో ప్రయాణించే రసాయనమనీ అర్థమైంది. ఆ రసాయనమే జీఎన్‌ఆర్‌హెచ్. దాని నిర్మాణం 1971లో తేలింది, ఆ కృషికి రోజర్ గిల్మాన్, ఆండ్రూ షాలీలకు 1977లో నోబెల్ వచ్చింది. ఇవాళ పశువైద్యశాలలో ఆవుకు వేసే అండోత్సర్గం ఇంజెక్షన్ ఆ రసాయనానికి దగ్గరి చుట్టమే.

కుందేలు అండాశయంలో ఇంకో ప్రత్యేకత ఉంది. పుటికల మధ్య ఖాళీల్లో హార్మోన్ తయారుచేసే కణజాలం దట్టంగా ఉంటుంది. ఎల్‌హెచ్ తగలగానే అది ప్రొజెస్టిరాన్ అనే చూడి హార్మోన్‌కు చెల్లెలు వరస అయ్యే ఒక స్టెరాయిడ్‌ను గుమ్మరిస్తుంది. ఆ స్టెరాయిడ్ వెనక్కి మెదడుకు చేరి ఎల్‌హెచ్ పోటును ఇంకాసేపు నిలబెడుతుందని 1960లలో జరిగిన ప్రయోగాలు చూపించాయి. ఒకసారి మొదలైన పని మధ్యలో ఆగిపోకుండా వేసుకున్న కట్టుదిట్టం అనుకోవచ్చు.

మగదాని వైపు కూడా ఒక గడియారం నడుస్తుంది. లోపలికి చేరిన వీర్యకణం ఆ క్షణంలోనే అండాన్ని ఛేదించలేదు. ఆడదాని గర్భసంచిలో, నాళాల్లో కొన్ని గంటలు గడిపి పదునెక్కాలి. 1951లో అమెరికాలో ఎం.సి. చాంగ్, ఆస్ట్రేలియాలో సి.ఆర్. ఆస్టిన్ ఎవరికి వారుగా ఈ విషయం బయటపెట్టారు. కుందేలు వీర్యకణానికి ఇందుకు పట్టే సమయం దాదాపు 10 గంటలు. అండం రావడానికి పట్టేదీ అంతే. బయటికొచ్చిన అండం ఫలదీకరణకు పనికొచ్చేది మహా అయితే 6 నుంచి 8 గంటలు. రెండు గడియారాలూ ఇలా ఒకటికొకటి సరిపోవడం చూస్తే, మగదాని రాకతోనే అండం విడుదల కావాలన్న ఏర్పాటు ఎందుకు నిలబడిందో అర్థమవుతుంది.

ఆడదాన్నే మగదాని బోనుకు తీసుకుపోవాలి, మగదాన్ని తీసుకురాకూడదు అన్న షెడ్డు నియమం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆడ కుందేలుకు తన బోను మీద పట్టు ఎక్కువ, కొత్తగా వచ్చినదాన్ని కరుస్తుంది. మగది కొత్త చోట ముందు వాసన చూసుకుంటూ, గుర్తులు పెట్టుకుంటూ టైమ్ గడిపేస్తుంది. సరిగ్గా కలిస్తే సెకన్లలో అయిపోతుంది. మగది కీచుమని పక్కకు పడిపోతుంది. మొదటిసారి చూసినవాళ్లు దానికేదో అయిందని టెన్షన్ పడతారు. పడిపోవడమే కావాల్సింది, అది లేకపోతే కలిసినట్టు కాదు.

రోహిణి కార్తె తెచ్చే ఉత్తుత్తి చూడి

జత కలయికే మీట అన్నప్పుడు ఒక చిక్కు తప్పదు. మీట నొక్కింది ఎవరన్నది మెదడు చూడదు. మగదాని వీర్యంలో జీవం ఉందా లేదా అన్నది దానికి పట్టదు. కలయిక స్పర్శ అందితే ఎల్‌హెచ్ వచ్చేస్తుంది, అండాలు వచ్చేస్తాయి. ఫలదీకరణ జరగకపోయినా పగిలిన పుటికల స్థానంలో కార్పస్ ల్యూటియం అనే గడ్డలు ఏర్పడి ప్రొజెస్టిరాన్ తయారీ మొదలుపెడతాయి. ప్రొజెస్టిరాన్ అంటే చూడిని కాపాడే హార్మోన్. ఒంట్లో అది పెరిగితే కుందేలు శరీరం చూడి కట్టినట్టే నడుచుకుంటుంది. పొదుగు ఉబ్బుతుంది, మగదాన్ని తరుముతుంది. 16 నుంచి 18 రోజులకు గర్భసంచి నుంచి ప్రొస్టాగ్లాండిన్ అనే రసాయనం వచ్చి ఆ గడ్డలను కరిగిస్తుంది, ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. అప్పుడు గడ్డి పోగుచేసి, ఛాతీ మీది వెంట్రుకలు పీక్కుని గూడు కడుతుంది. పిల్లలు మాత్రం ఉండవు. పుస్తకాల్లో దీన్ని మిథ్యా గర్భం అంటారు, ఉత్తుత్తి చూడి అంటే సరిపోతుంది.

అసలు చూడి 30 నుంచి 32 రోజులు. కాబట్టి 17వ రోజున వెంట్రుకలు పీకుతున్న కుందేలును చూసి 'ముందే ఈనబోతోంది' అని ఈనే పెట్టె పెట్టేవాళ్లు ఒక సూచనను చదవడం మరిచిపోతున్నారు. అది నెలలు తక్కువ ఈత కాదు. రెండున్నర వారాల కింద జరిగిన దాటింపు వృథా అయిందని చెప్పే కబురు. అందులో ఒక మంచి కూడా ఉంది. అడ్డు పడిన ప్రొజెస్టిరాన్ పోయింది కనుక ఆ తర్వాతి రోజుల్లో అది సాధారణంగా మగదాన్ని బాగానే రానిస్తుంది.

ఈ రెండు జిల్లాల్లో ఉత్తుత్తి చూడికి ఒక ప్రత్యేకమైన దారి ఉంది, అది ఎండ. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా నెల్లూరులో, ఒంగోలులో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. రోహిణి కార్తెలో వడగాలి రాత్రి పొద్దుపోయేదాకా ఆగదు. కుందేలుకు చెమట పట్టదు, వేడి వదిలించుకునే ముఖ్యమైన దారి చెవుల్లోని రక్తనాళాలే. 30 డిగ్రీలు దాటిన వేడి రోజుల తరబడి నిలిస్తే మగదాని వృషణాల్లో వీర్యకణాల తయారీ దెబ్బతింటుంది. అయితే ఎక్కాలన్న కోరిక అంత త్వరగా పోదు. ఎక్కుతుంది, కీచుమంటుంది, పక్కకు పడుతుంది. చూసేవాళ్లకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. వీర్యంలో మాత్రం పనికొచ్చే కణాలు ఉండవు. ఆడదానికి స్పర్శ అందింది కనుక అండాలు వచ్చేస్తాయి, ఉత్తుత్తి చూడి నిలుస్తుంది.

ఇంకో సంగతి, వీర్యకణం తయారై బయటికి రావడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. అంటే మే నెలలో దెబ్బతిన్నది జూలైలో కూడా కనిపిస్తుంది. తొలకరి పడి వాతావరణం చల్లబడ్డాక కూడా చూడి నిలవకపోతే ఆడవాటిని తిట్టి, వట్టిపోయాయని అమ్మేసే ముందు మగదాని సంగతి చూడాలి. ఒక షెడ్డులో ఒకే మగది ఉంటే ఈ తేడా బయటపడదు. రెండు ఉంటే, ఏ మగదానితో కలిసిన ఆడవి 17వ రోజున వెంట్రుకలు పీకుతున్నాయో బోను కార్డు మీద రాసుకుంటే చాలు, దోషి ఎవరో కార్డులే చెబుతాయి. వేసవిలో షెడ్డులో అన్నిటికన్నా చల్లటి చోటు మగదానికి దక్కాలి. తాటాకు కప్పు, తడిపిన గోనెపట్టాలు, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి బోనులో పెట్టే నీళ్ల సీసా, ఇవన్నీ ముందు దానికే. ఆడవాటికి ఎండ దెబ్బ లేదని కాదు. మేత తగ్గించేస్తాయి, దాటిన మొదటి రోజుల్లో లేత పిండాలు చనిపోతాయి. కానీ ఒక ఆడది దెబ్బతింటే ఒక ఈత పోతుంది, మగది దెబ్బతింటే షెడ్డు మొత్తం పోతుంది.

ఆడ కుందేళ్లను రెండేసి మూడేసి ఒకే బోనులో వేసినా ఇదే జరగొచ్చు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, ఆ స్పర్శకే అండాలు విడుదలవుతాయి. పెద్దవైన ఆడవాటిని విడివిడిగా ఉంచమనేది జాగా కోసం చెప్పే మాట కాదు.

చూడిని మోసేది ఎవరు

స్త్రీలలో గర్భం కొన్ని వారాలు నిలిచాక ప్రొజెస్టిరాన్ బాధ్యతను మాయ (ప్లాసెంటా) తీసుకుంటుంది. కుందేలు మాయ ఆ పని చేయదు. ఈనే రోజు దాకా కార్పస్ ల్యూటియమే మోయాలి. ఏ రోజున అండాశయాలు తీసేసినా చూడి పోతుంది. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ ఫ్రాంకెల్ 1901లో కుందేళ్ల మీదే ఈ గడ్డల అవసరాన్ని చూపించాడు. 1929లో అమెరికాలో జార్జ్ కార్నర్, విల్లర్డ్ ఆలెన్ ఆ గడ్డల సారాన్ని తీసి, అండాశయాలు తొలగించిన కుందేళ్లకు ఎక్కించి చూడిని నిలబెట్టారు. ఆ సారంలోని పదార్థానికే తర్వాత ప్రొజెస్టిరాన్ అని పేరొచ్చింది.

ఇక్కడ కుందేలు మరో మెలిక చూపిస్తుంది. చాలా జంతువుల్లో ఈ గడ్డను నిలబెట్టేది ఎల్‌హెచ్. కుందేలులో ఆ పని ప్రధానంగా ఈస్ట్రోజెన్ చేస్తుంది. ఈస్ట్రోజెన్ ఎక్కడి నుంచి వస్తుంది? అదే అండాశయంలో పెరుగుతున్న పుటికల నుంచి. అంటే చూడితో ఉన్నా పుటికలు పెరుగుతూనే ఉండాలి, లేకపోతే గడ్డలు కరిగిపోతాయి. ప్రొజెస్టిరాన్ అండాల విడుదలను అడ్డుకుంటుంది, పుటికల పెరుగుదలను పూర్తిగా ఆపదు.

ఈ మెలిక అర్థమైతే మొదట చెప్పుకున్న చిక్కు విడిపోతుంది. చూడి కుందేలు ఒంట్లోనూ ఈస్ట్రోజెన్ ఉంది కనుక అది ఒక్కోసారి మగదాన్ని రానిస్తుంది. కాబట్టి మగదాని దగ్గర వేసి చూడి తెలుసుకోవడం అనేది పరీక్ష కాదు, లాటరీ. 12 నుంచి 14 రోజుల మధ్య పొట్ట తడిమి చూడటమే సరైన పద్ధతి. కుందేలును చదునైన బల్ల మీద గోనెసంచి పరిచి నిలబెట్టి, ఒక చేత్తో భుజాల దగ్గర పట్టుకుని, రెండో అరచేతిని పొత్తికడుపు కింద పెట్టి బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు ఇంకో పక్క ఉంచి మెల్లగా వెనక్కి జరపాలి. గోళీకాయల్లా మెత్తగా జారే ఉండలు వరసగా తగిలితే చూడి. గట్టిగా, చిన్నగా, వెన్ను వైపు తగిలేవి పేడ ఉండలు. కుందేలు గర్భసంచి రెండు విడి గొట్టాలుగా ఉంటుంది, ఒక్కోదానికి వేరే ముఖద్వారం ఉంటుంది. అందుకే ఒక పక్క ఉండలు తగిలి ఇంకో పక్క తగలకపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

చూడిలో ప్రొజెస్టిరాన్ అండాల విడుదలను ఆపుతుందన్న ఈ విషయమే మనుషుల జీవితాలను మార్చింది. ఆస్ట్రియాలో లుడ్విగ్ హాబర్‌లాండ్ 1921లో చూడి కుందేళ్ల అండాశయాలను వేరే ఆడ కుందేళ్లకు అతికించి, అవి కొంతకాలం చూడి కట్టకుండా ఉండటం చూపించాడు. 1937లో అమెరికాలో ప్రొజెస్టిరాన్ ఇంజెక్షన్ వేసిన కుందేళ్లు జత కలిసినా అండాలు విడుదల చేయలేదని తేలింది. 1950ల మొదట్లో గ్రెగరీ పింకస్, పైన చెప్పుకున్న ఎం.సి. చాంగ్ మళ్లీ కుందేళ్లతోనే మొదలుపెట్టి గర్భనిరోధక మాత్ర దాకా వెళ్లారు. ఊళ్లో ఆశా కార్యకర్త ఇచ్చే మాలా-ఎన్ మాత్ర వెనక ఈ కథంతా ఉంది.

1931 నుంచి కొన్ని దశాబ్దాల పాటు స్త్రీల గర్భ పరీక్ష కూడా కుందేలు అండాశయం మీదే జరిగింది. మారిస్ ఫ్రీడ్‌మన్ పెట్టిన పద్ధతి అది. స్త్రీ మూత్రాన్ని కన్నె కుందేలు చెవి రక్తనాళంలోకి ఎక్కించి రెండు రోజుల తర్వాత అండాశయం చూసేవారు. గర్భం ఉంటే మూత్రంలోని హెచ్‌సీజీ అనే గర్భ హార్మోన్ అచ్చం ఎల్‌హెచ్‌లా పనిచేసి పుటికలను పగలగొడుతుంది. చూడాలంటే కోయాల్సిందే కనుక, ఫలితం ఏదైనా కుందేలు బతికేది కాదు. ఆ కుందేళ్లను ముందు నుంచీ విడివిడిగా ఉంచేవారు. కారణం పైన చెప్పుకున్నదే, పక్కది ఎక్కినా అండాలు వచ్చేస్తాయి, పరీక్ష పాడవుతుంది.

వెలుతురు, పాలు, మేత

యూరప్ పుస్తకాలు చదివి రోజుకు 16 గంటల వెలుతురు ఉండాలని ఇక్కడి షెడ్లలో బల్బులు వేసేవాళ్లున్నారు. అక్కడ శీతకాలపు పగలు 8 గంటలకు పడిపోతుంది, కుందేళ్లు మందగిస్తాయి. ఆ లెక్క అక్కడికి సరే. నెల్లూరు, ఒంగోలు ఉన్న అక్షాంశం దగ్గర డిసెంబరులో పగలు దాదాపు 11 గంటల పావు, జూన్‌లో దాదాపు 13 గంటలు. తేడా రెండు గంటల లోపే. దాటించబోయే వారం ముందు నుంచి సాయంత్రం బల్బు వేసి వెలుతురు పెంచితే ఎర్రగా తిరిగే ఆడవాటి సంఖ్య పెరగొచ్చు, కాదనలేం. కానీ ఇక్కడ అండాశయానికి అసలు శత్రువు చీకటి కాదు, ఎండ. బల్బుకు పెట్టే డబ్బు కప్పు చల్లబరచడానికి పెడితే నయం.

పాల సంగతి వేరు. ఈనిన 24 గంటల్లో ప్రొజెస్టిరాన్ పడిపోయి ఈస్ట్రోజెన్ లేస్తుంది కనుక ఆడది మగదాన్ని బాగా రానిస్తుంది. తర్వాత నాలుగైదు రోజులకు పాలు జోరందుకుంటాయి, ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్ పెరిగి పుటికలను అణచిపెడుతుంది. మేతలోని బలమంతా పాలకే పోతుంది. తల్లి రోజుకు ఒక్కసారి, మూడు నాలుగు నిమిషాలే పాలిస్తుంది. పిల్లలు చీకగానే ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌తో పాలు చేపి, అంతలోనే కడుపు నిండిపోతుంది. పిల్లలను ఒక రోజు తల్లికి దూరంగా ఉంచి, మర్నాడు పాలిచ్చిన వెంటనే దాటిస్తే ప్రొలాక్టిన్ తగ్గిన సందులో పుటికలు తల ఎత్తుతాయి. విదేశాల్లో పెద్ద ఫారాల వాళ్లు ఈనిన 11వ రోజున దాటించి 42 రోజులకో ఈత తీస్తారు. కొలిచి తయారుచేసిన దాణా, చల్లటి షెడ్డు ఉన్నవాళ్ల లెక్క అది. పచ్చిగడ్డి, కాస్త తవుడు మీద నడిచే పెరటి షెడ్డులో పిల్లలను తల్లి నుంచి వేరు చేశాక దాటించడమే మేలు. 31 రోజులకో ఈత చొప్పున ఏడాది పొడుగునా పిల్లలే పిల్లలని కాగితం మీద లెక్కలు వేసి జతలు అమ్మే బ్రోకర్లకు ప్రొలాక్టిన్ పేరు తెలియదు, తెలిసినా చెప్పరు.

మేతలో రెండు జాగ్రత్తలు హార్మోన్లతో ముడిపడినవి. ప్రకాశం జిల్లాలో సుబాబుల్ తోటలకు కొదవ లేదు, ఆకు ఉచితంగా దొరుకుతుంది, మాంసకృత్తులూ ఎక్కువే. కానీ అందులోని మైమోసిన్ అనే విషపదార్థం మోతాదు మించితే వెంట్రుకలు రాలుతాయి, థైరాయిడ్ దెబ్బతింటుంది, చూడి కట్టడమూ తగ్గుతుంది. ఇతర మేతలతో కలిపి కొద్దిగా పెట్టాలి తప్ప అదే మేత కాకూడదు. వెంట్రుకలు రాలితే గూడు కడుతోందని పొరబడే అవకాశం కూడా ఉంది. గూటి కోసమైతే ఛాతీ, పొట్ట దగ్గర తనే పీక్కుంటుంది, సుబాబుల్ దెబ్బకు ఒళ్లంతా పలచబడుతుంది. రెండోది బూజు పట్టిన మొక్కజొన్న. కొన్ని బూజుల నుంచి పుట్టే జియరాలెనోన్ ఒంట్లో ఈస్ట్రోజెన్‌లా నటిస్తుంది. ఈస్ట్రోజెన్ మీదే గడ్డలను నిలబెట్టుకునే జంతువుకు దొంగ ఈస్ట్రోజెన్ ఎంత గందరగోళమో వేరే చెప్పనక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టే నెల్లూరులో దాణా బస్తా నేల మీద పెట్టకూడదు.

ఇంజెక్షన్ ఎప్పుడు

మగది లేకుండా కృత్రిమ గర్భధారణ చేస్తే మీట నొక్కేవాళ్లు ఉండరు. వీర్యం లోపల పోసినంత మాత్రాన అండాలు వస్తాయన్న నమ్మకం లేదు. అందుకని అదే సమయంలో జీఎన్‌ఆర్‌హెచ్ రకం మందును కండకు వేస్తారు. బుసెరెలిన్ అయితే 0.8 మైక్రోగ్రాములు, ఆవుకు వేసేదాంట్లో పదో వంతు కూడా కాదు. ఆవు మోతాదుల కోసం చేసిన సీసా నుంచి అంత కొద్దిగా తీయాలి కనుక ఇన్సులిన్ సిరంజి లాంటి సన్నది కావాలి, వేసేది పశువైద్యుడు అయి ఉండాలి. హెచ్‌సీజీ కూడా పనిచేస్తుంది గానీ అది పెద్ద ప్రోటీన్. పదే పదే వేస్తే ఒంట్లో దానికి విరుగుడు తయారై తర్వాత తర్వాత మందు పారదు. జీఎన్‌ఆర్‌హెచ్ పది అమైనో ఆమ్లాల బుల్లి గొలుసు, ఆ బెడద తక్కువ.

పది ఇరవై బోన్ల షెడ్డుకు ఇదంతా అవసరమా అంటే, లేదనే చెప్పాలి. మగది చేసే పనికి మందు ఖర్చు దండగ. మగదాన్ని రానివ్వడం లేదని ఇంజెక్షన్ వేయించాలనుకునేవాళ్లు ముందు తోక వంచి రంగు చూడాలి. తెల్లగా పాలిపోయి ఉన్నదానికి మందు వేసినా ఎల్‌హెచ్ వస్తుంది, పోతుంది. పగలడానికి ముదిరిన పుటిక లేనప్పుడు ఆ ఎల్‌హెచ్ చేసేదేమీ లేదు. నాలుగు రోజులు ఆగి, పచ్చిమేత పెంచి, మళ్లీ పగటి వెలుతురులో చూస్తే చాలావరకు రంగు తిరిగి ఉంటుంది.